మైలేజి తగ్గిన పికప్పు: ఇంజను విప్పుటకు ముందు

పదేండ్లు దాటిన పికప్పు బండి గలవారిలో, మునుపటివలె మైలేజి రావడము లేదని వాపోవని వారు అరుదు. ఆ మాట చెవిని పడగానే షెడ్డులో తరచుగా వెలువడు తీర్పు ఒక్కటే: "బోరు పోయిందన్నా, ఇంజను దించాలి." ఇంజను దించుట యనగా బండి రోజుల తరబడి నిలిచిపోవుట, కిరాయిలు చేజారుట, వేలకు వేలు వ్యయమగుట; ఇంతయు జరిగిన పిమ్మట దోషము వెనుక చక్రపు బ్రేకులో నున్నదని తేలినచో, రోగమొకటి మందొకటి యైనట్లే. డీజిలు అధికముగా కాలుటకు గల కారణములు ఇంజనులోనే దాగియుండక, టైర్ల గాలి మొదలుకొని డ్రైవరు పాదము వరకు బండి యంతటను వ్యాపించి యుండును గనుక, సులభముగా తెలియువానిని ముందుగను, ఖర్చుతో గాని తెలియనివానిని చివరగను పరిశీలించుట వివేకము.

అన్నిటికంటె మొదటి పని కొలత. గేజి ముల్లు దిగిన వేగమును బట్టియో, వెయ్యి రూపాయలకు మునుపు ఇంత దూరము వచ్చెడిదన్న జ్ఞాపకమును బట్టియో చెప్పు మైలేజి నమ్మదగినది కాదు. ట్యాంకు నిండుగా నింపించి, మీటరు రీడింగు వ్రాసికొని, మరల అదే బంకులో పంపు గన్ను తనంతట ఆగువరకు నింపించి, నడచిన దూరమును పట్టిన లీటర్లతో భాగింపవలెను. ఒక ట్యాంకు లెక్క మోసపుచ్చవచ్చును గాని, మూడు నాలుగు ట్యాంకుల సగటు నిజమునకు దగ్గరగా నుండును.

బాట యొక్క ఎత్తుపల్లములు గూడ లెక్కలోనికి రావలెను. మదనపల్లె మార్కెట్టు యార్డులో టమాటాలు నింపుకొని, భాకరాపేట కనుమ దిగి తిరుపతి చేరు బండినే చూడుడు. ఈ రెండు ఊళ్ల నడుమ ఎత్తులో 500 మీటర్లకు పైగా తేడా కలదు. బరువుతో కలిపి 3 టన్నులు తూగు బండి అంత ఎత్తు ఎక్కుటకే, డీజిలులోని శక్తిలో మూడవ వంతు పనిగా మారుననుకొన్నచో, లీటరుకు పైగా ఇంధనము కావలెను. కావున దిగునప్పటి మైలేజిని చూచి మురియుటయు, ఎక్కునప్పటి మైలేజిని చూచి దిగులు చెందుటయు రెండును పొరపాట్లే. రానుపోను కలిపి, ఒకే బాట మీద, ఇంచుమించు ఒకే బరువుతో లెక్క కట్టవలెను. కంపెనీ వేసినవానికంటె పెద్ద టైర్లు వేయించినవారు మరియొక సంగతి గమనింపవలెను: చక్రము ఒక్క చుట్టులో ఎక్కువ దూరము సాగినను మీటరు పాత లెక్కనే చూపును గనుక, మైలేజి తగ్గకయే తగ్గినట్లు కనబడును. ట్యాంకు దిగువ తడి యున్నదేమో, రాత్రివేళ డీజిలును ఎవరైన తీసికొనిపోవుచున్నారేమో చూచుకొనుటయు ఈ దశలోనే జరుగవలసిన పని.

లెక్కలో లోటు నిజమని తేలిన తరువాత చక్రముల వద్దకు రావలెను. టైర్లలో గాలి తక్కువైనచో అవి నేలకు ఒత్తుకొని, వంగుచు లేచుచు, ఇంజను ఇచ్చిన శక్తిని వేడిగా మార్చివేయును. బండి నడువకముందు, టైరు చల్లగా నున్నప్పుడే గాలి కొలిపింపవలెను. టైరు ఒక అంచు మాత్రమే అరిగియున్నచో అలైన్‌మెంటును అనుమానింపవలెను. బ్రేకు జామును కనిపెట్టుటకు పరికరమే అక్కరలేదు. కొంతదూరము బ్రేకును వీలైనంత తక్కువగా వాడుచు నడిపి, సమతలమైన చోట బండి నాపి, ఒక్కొక్క చక్రపు నడుమ భాగమునకు అరచేతిని తాకించక దగ్గరగా చాపి చూచినచో, నాలుగింటిలో ఒకదాని సెగ మాత్రము మిక్కిలిగా తగులును. ఆ చక్రమును జాకీ మీద లేపి, గేరు న్యూట్రలులో నుంచి, చేతితో త్రిప్పి, రెండవ ప్రక్క చక్రముతో పోల్చి చూచిన యెడల పట్టుకొన్నది బ్రేకో, గరగరలాడు బేరింగో తెలిసిపోవును. హ్యాండుబ్రేకు కేబులు తుప్పుపట్టి పూర్తిగా వదలకుండుట పాతబండ్లలో సర్వసాధారణము.

ఇంజనునుండి చక్రమునకు శక్తి చేరు త్రోవలో క్లచ్చు ఒకటి కలదు. ఎత్తు ఎక్కునప్పుడు ఇంజను మ్రోత పెరిగి వేగము పెరుగనిచో క్లచ్చు ప్లేటు జారుచున్నదని అర్థము. పెడలు మీద కాలుంచి నడుపు హాఫ్ క్లచ్చు అలవాటే అనేక పర్యాయములు దీనికి మూలము.

తరువాతిది థర్మోస్టాటు. వేసవిలో బండి వేడెక్కుచున్నదని దీనిని ఊడదీయించి, మరల వేయించని వారు అనేకులు. నీరు సుమారు 80 డిగ్రీల వేడికి వచ్చు వరకు రేడియేటరు త్రోవను మూసియుంచి, ఇంజనును త్వరగా వెచ్చబరచుట దాని పని. అది లేనిచో ఇంజను చలివేళల చాలినంత వేడెక్కక, నూనె పలుచబడక, రాపిడి పెరిగి, డీజిలు వృథా యగును. చాల దూరము నడచినను టెంపరేచరు ముల్లు అడుగుననే యున్నదన్నచో అది ఇంజను చల్లదనమునకు మెచ్చుకోలు కాదు, హెచ్చరిక.

ఇక ఇంజను పీల్చు గాలి. ఒక లీటరు డీజిలు సంపూర్ణముగా కాలుటకు కనీసము 12 కిలోల గాలి, అనగా ఇంచుమించు 10,000 లీటర్ల గాలి కావలెను. డీజిలు ఇంజను వాస్తవమున అంతకంటె ఎక్కువే పీల్చును. పొలముల బాటల దుమ్ముతో ఎయిర్ ఫిల్టరు పూడినను, టర్బో గొట్టము పగిలి గాలి మధ్యలోనే జారిపోయినను, పాతకాలపు పంపు మాత్రము డీజిలును యథాప్రకారము పంపుచునే యుండును. అది సగము కాలి నల్లని పొగయై బయటపడును. పగిలిన గొట్టము చుట్టును పలుచని నూనె జిడ్డు కనబడును. పొగ రంగు ఇంకను చాల చెప్పును: నీలిపొగ ఇంజను ఆయిలు కాలుచున్నదనుటకు గుర్తు, తెల్లపొగ చల్లని ఉదయమున కొద్దిసేపు వచ్చి పోయినచో దోషము లేదు గాని, ఇంజను వేడెక్కిన పిమ్మటయు ఆగనిచో కాలని డీజిలో, లోపలికి చేరిన రేడియేటరు నీరో యని తెలియవలెను.

గాలి సరిగా నున్నచో చూడవలసినవి నాజిల్సు. మంచి నాజిలు డీజిలును మంచువలె చిమ్మును. అరిగినది బొట్లుగా కార్చును. పాత మెకానికలు పంపు గల బండ్లలో, ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా ఒక్కొక్క నాజిలు పైపు నట్టును కొద్దిగా వదులు చేసి వినువారు కలరు: ఏ పైపు వదులు చేసినప్పుడు ఇంజను మ్రోత మారదో ఆ సిలిండరు పని చేయుట లేదన్న మాట. అట్టి బండిని నడుపుట, నలుగురికి కూలి ఇచ్చి ముగ్గురిచేత పని చేయించుకొనుటయే. కామన్‌రైలు బండ్లలో ఈ పరీక్ష ఎన్నడును చేయరాదు. అందు డీజిలు వేయి బారులకు మించిన ఒత్తిడితో నుండును గనుక, చిమ్మిన ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. అక్కడ నాజిల్సునుండి తిరిగివచ్చు డీజిలును వేరువేరు సీసాలలోనికి పట్టి చూచెదరు. మిగిలినవానికంటె ముందుగా నిండిన సీసా ఏదో, దాని నాజిలు అరిగినదని సాక్ష్యము.

ఇన్నియు గడచిన తరువాతనే కంప్రెషను పరీక్షించి బోరు మాట ఎత్తవలెను. ఈలోగా స్టీరింగు ముందున్న మనిషిని గూడ మరువరాదు. గాలి ఎదిరింపు వేగపు వర్గమును బట్టి పెరుగును. 60 కిలోమీటర్ల వేగమును 80కి పెంచినచో ఆ ఎదిరింపు ఇంచుమించు ముప్పాతిక వంతు హెచ్చును. డ్రైవరు మారిన నెలలోనే మైలేజి తగ్గియున్నచో ఇంజనును నిందించుట అన్యాయము.

దోషము తేలినను దానిని సవరించుటయా, సహించుటయా యన్నది లెక్క చూచి తేల్చుకొనవలసిన విషయము. నెలకు 3,000 కిలోమీటర్లు తిరుగు బండి మైలేజి 13 నుండి 10కి దిగినచో నెలకు 69 లీటర్లు అదనముగా కాలును. మెకానిక్కు చెప్పిన ఖర్చును ఆనాటి డీజిలు ధరతో భాగించినచో అది ఎన్ని లీటర్లకు సమానమో తెలియును. అన్ని లీటర్లు ఎన్ని నెలలలో మిగులునో, బండిని ఇంకెన్ని నెలలు ఉంచుకొనదలచితిమో పోల్చి చూచుకొన్న యజమాని, ఇంజను దింపవలెనో వద్దో తానే చెప్పగలడు.