శుక్లము పండువరకు ఆగవలసినదేనా?

తెలుగునాట పెద్దవారికి చూపు మందగించినప్పుడు ఇంటిలోనివారును ఇరుగుపొరుగువారును తప్పక పలుకు మాట యొకటి కలదు: "ఇంకా ముదరలేదులే అత్తయ్యా, పండాక తీయిద్దాం." ఆ మాటను నమ్మి, బియ్యములోని మట్టిబెడ్డలను వ్రేళ్ళతో తడవి ఏరుకొనుచు, గడప ఎత్తును కాలితో వెదకికొనుచు, వాకిట నిలిచినవాడు మనుమడో పొరుగువాడో గొంతునుబట్టి పోల్చుకొనుచు ఏండ్లు గడపుచున్న తల్లులు మన పల్లెలలో ఇప్పటికిని ఉన్నారు. ఒకప్పుడు ఆ మాట వైద్యులే చెప్పినది. ఆ కాలమునకు అది వివేకముతో కూడినదియే. నేడు అదియే చూపునకు చేటు తెచ్చుచున్నది. ఈ మార్పు ఎట్లు వచ్చెనో గ్రహింపవలెనన్నచో శుక్లమనగా నేమో, దానిని తొలగించు విద్య యెట్లు పెరిగెనో నిదానముగా పరిశీలింపవలసియున్నది.

కనుపాపకు వెనుక, సన్నని తంతువులచే చుట్టును కట్టబడి, పారదర్శకమైన కటక మొకటి అమరియున్నది. పెద్దవారిలో దాని వ్యాసము 9 నుండి 10 మిల్లీమీటర్లు, మందము 4 నుండి 5 మిల్లీమీటర్లు. దానిలో రక్తనాళ మొక్కటియు లేదు; ఉన్నచో వెలుతురు సాగిపోజాలదు గదా! చుట్టునున్న ద్రవమునుండియే అది పోషణము పొందును. దానిలో దాదాపు మూడింట రెండు వంతులు నీరు. తక్కినదానిలో అధికభాగము క్రిస్టలిన్లను మాంసకృత్తులు. ఇవి ఎడములేక ఒద్దికగా కూర్చబడియున్నంతకాలము వెలుగు నిరాటంకముగా రెటీనాను చేరును. వాని అమరిక చెదరి, అవి ముద్దలు కట్టినప్పుడు వెలుగు దారిలోనే చెల్లాచెదరగును. ఇదియే శుక్లము. జనులు తలంచునట్లు అది కంటిపై పెరిగిన పొర కాదు, వెలుపలినుండి వచ్చి చేరిన మలినమును కాదు. మనతో పుట్టిన కటకమే మసకబారుట.

ఈ కటకమునకు విచిత్రమైన లక్షణ మింకొకటి కలదు. చర్మము పాతకణములను రాల్చివేయును. కటకము దేనిని రాల్చదు. తల్లిగర్భములో ఏర్పడిన తంతువులు నడుమ నుండగా, వానిపై బ్రతికినంతకాలము క్రొత్తపొరలు చేరుచునే యుండును. ముదిరిన మానులో నడిమికొయ్య చేవదేరునట్లు, కటకపు నడిమిభాగము ఏండ్లు గడచినకొలది పసుపువన్నెకు, పిమ్మట ముదురు గోధుమవన్నెకు తిరిగి కఠినమగును. ఈ దశలో కొందరికి ఒక భ్రాంతి కలుగును. కటకపు వక్రీభవనశక్తి హెచ్చుటచే దగ్గరి అక్షరములు కళ్ళద్దాలు లేకయే కనబడసాగును. డెబ్బదియవ యేట చూపు తిరిగివచ్చినదని, పత్రికను అద్దములు లేకుండ చదువుచున్నానని మురిసిపోవు తాతగారిని ఇంటివారు వెంటనే కంటివైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. అది శుక్లముయొక్క తొలిజాడ కావచ్చును.

వార్ధక్యమే ఇందుకు ప్రధానకారణమైనను అదియొక్కటే కారణము కాదు. మధుమేహము, పొగత్రాగుడు, ఉబ్బసమునకో కీళ్ళనొప్పులకో ఏండ్లతరబడి వాడు స్టెరాయిడ్ మందులు, కంటికి తగిలిన దెబ్బ, ఎండలోని అతినీలలోహిత కిరణములు దీనిని త్వరితపరచును. గర్భిణికి రుబెల్లా సోకినచో శిశువు శుక్లముతోనే పుట్టవచ్చును. పసిపాప కనుపాపలో తెల్లదనము కనబడినచో ఒక్కవారమైనను జాగుచేయరాదు. తొలిమాసములలో వెలుగెరుగని కంటిని మెదడు చూచుటకు నేర్చుకొనదు, తరువాత ఎంత చక్కని శస్త్రచికిత్స జరిగినను ఆ లోటు పూర్తిగా తీరదు.

శుక్లచికిత్సకు మన దేశములో దీర్ఘచరిత్ర కలదు. సుశ్రుతసంహితలోని ఉత్తరతంత్రమున లింగనాశమను పేర చూపును కప్పివేయు వ్యాధియు, యవవక్త్రమను శలాకతో దానికి చేయు చికిత్సయు వర్ణితములైనవి. అటుపిమ్మట శతాబ్దులపాటు సంచారవైద్యులు ఊరూర తిరుగుచు, సూదిని కంటిలోనికి చొప్పించి, మసకబారిన కటకమును చూపుదారినుండి నెట్టి అడుగునకు పడద్రోయుచుండిరి. రోగి ఆ క్షణముననే ఎదుటివాని వ్రేళ్ళను లెక్కింపగలిగెడివాడు. వైద్యుడు తనకు ముట్టవలసినది పుచ్చుకొని పొరుగూరు చేరెడివాడు. కొలదికాలమునకే వాపును పోటును పుట్టి అనేకుల కన్నులు శాశ్వతముగా ఆరిపోయెడివి. మదరాసు ప్రభుత్వ నేత్రవైద్యశాలకు అధిపతిగా నుండిన రాబర్ట్ ఇలియట్ ఇరువదవ శతాబ్ది తొలిపాదమున ఇట్టి కన్నులను పరిశీలించి, ఆ పద్ధతివలని అనర్థములనుగూర్చి ఒక గ్రంథమునే వ్రాసెను.

కటకమును నెట్టివేయక వెలికితీయు మార్గమునకు 1747లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు జాక్ దావియేల్ శ్రీకారము చుట్టెను. కొకెయిను చుక్కలతో కంటిని మొద్దుబార్చవచ్చునని కార్ల్ కొల్లర్ 1884లో నిరూపించెను. అయినను ప్రమాదము తొలగలేదు. ముదరని కటకములోని జిగురుభాగము కంటిలో మిగిలిపోయి వాపు పుట్టించెడిది. ముదిరినది సులువుగా విడివడి వచ్చెడిది. పండువరకు ఆగుమను హితవునకు ఇది మొదటి హేతువు. రెండవది ఇంతకంటె బలమైనది. కటకమును తీసివేసిన కంటిలో దాని స్థానమున ఉంచుటకు ఏదియు లేదు!

మన పెద్దలు చూచిన నేత్రశిబిరములు ఈ యుగమునకు చెందినవే. హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రితో పేరు ముడివడిన పద్మభూషణ్ డాక్టరు పి. శివారెడ్డిగారి వంటివారు పల్లెపల్లెకు శిబిరములను తీసికొనిపోయి, పట్టణము ముఖమెరుగని వృద్ధులకు చూపు ప్రసాదించిరి. ఆనాటి పద్ధతిలో నల్లగ్రుడ్డు అంచున దాదాపు సగముచుట్టు కోయవలసివచ్చెడిది. ఆ గాయము మానువరకు తలకు ఇరువైపుల ఇసుకసంచులుంచి, దగ్గరాదు, తుమ్మరాదు, ప్రక్కకు ఒత్తిగిలరాదు అని కట్టడిచేసెడివారు. పిమ్మట సోడాబుడ్డి కళ్ళద్దాలు వచ్చెడివి. వానిగుండ చూచినప్పుడు వస్తువులన్నియు ఇంచుమించు నాలుగవవంతు పెద్దవై కనబడును. తిన్నని ద్వారబంధము వంగినట్లుండును. చెంబులోని నీరు గ్లాసులో పడక నేలపాలగును. ఒక్క కంటికే శస్త్రచికిత్స జరిగినచో రెండు కన్నుల బింబములు ఒకదానితో నొకటి కలియనే కలియవు. ఇట్టి స్థితిలో సగముచూపు మిగిలియున్న మనుష్యుని ఆగుమనుట న్యాయమే.

ఆ న్యాయమును తలక్రిందులు చేసినవాడు హెరాల్డ్ రిడ్లీ. రెండవ ప్రపంచయుద్ధమున విమానపు గవాక్షములు పగిలి, వాని పెర్‌స్పెక్స్ ముక్కలు వైమానికుల కన్నులలో దిగబడగా, అవి కంటికి కీడు చేయక నిశ్చలముగా పడియుండుటను ఆయన గమనించెను. ఆ పదార్థముతోనే కటకమును చేయించి, 1949 నవంబరు 29న లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో తొలిసారి మానవనేత్రమున అమర్చెను. తోటివైద్యులు చాలకాలము ఆయనను నిరసించిరి. తుదకు ఆయన కన్నులకే ఆ కటకములు అమర్చవలసివచ్చినవి. 1967లో అమెరికావాసి చార్లెస్ కెల్మన్, దంతవైద్యులు వాడు ధ్వనితరంగ పరికరమునుండి స్ఫూర్తిగొని, కటకమును కంటిలోనే తుత్తునియలుచేసి పీల్చివేయు ఫాకో పద్ధతిని కనిపెట్టెను.

ఈ విద్య పేదవారి గడప త్రొక్కుటకు మాత్రము దక్షిణదేశమే దారిచూపినది. కీళ్ళవాతముచే వ్రేళ్ళు వంకరలుపోయినను వానితోనే శస్త్రచికిత్సలు చేసిన డాక్టరు జి. వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని స్థాపించిరి. 1992లో వారి ఆరోల్యాబ్ కృత్రిమకటకములను అల్పవ్యయముతో తయారుచేయనారంభించినది. చలనచిత్ర దర్శకనిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన భూమితోను ధనముతోను, డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు దీక్షతోను 1987లో హైదరాబాదున వెలసిన నేత్రవైద్యసంస్థ పల్లెలకు దృష్టికేంద్రములను తీసికొనిపోయినది. ఈ ఇద్దరు వైద్యుల కృషికి మనము తగినంత కృతజ్ఞత చూపలేదని నా అభిప్రాయము.

ఇప్పుడు శస్త్రచికిత్స యెట్లు జరుగునో చూతము. కంటి పొడవు, నల్లగ్రుడ్డు వంపు ముందుగా కొలుతురు. పొడవులో ఒక్క మిల్లీమీటరు పొరపడినచో కటకశక్తిలో రెండున్నర, మూడు డయాప్టర్ల తేడా వచ్చును గనుక ఈ కొలత అత్యంతముఖ్యము. చుక్కలమందుతోనో చిన్న సూదిమందుతోనో కంటిని మొద్దుబార్చి, అయోడిను ద్రావణముతో శుభ్రపరచి, మూడు మిల్లీమీటర్లకు లోబడిన కోతతో లోనికి ప్రవేశింతురు. కటకపు సంచి ముందుభాగమున గుండ్రని కంతచేసి, లోని శుక్లమును ధ్వనితరంగములతో పగులగొట్టి పీల్చివేయుదురు. వెనుకటి పొర మందము మిల్లీమీటరులో వెయ్యింట నాలుగువంతులకు మించదు. దానిని చీలనీయకుండ కాపాడుటయందే వైద్యుని హస్తలాఘవమంతయు కలదు. మడిచిన కృత్రిమకటకము ఆ సంచిలోనికి జారి, మెల్లగా విచ్చుకొని కుదురుకొనును. కుట్టు అవసరముండదు. యంత్రము లేనిచోట చేతితోనే, ఆరేడు మిల్లీమీటర్ల సొరంగపుకోతతో ఇదే ఫలితమును సాధింతురు. జనులు దీనిని లేజర్ ఆపరేషనని పిలుచుచున్నను సాధారణముగా దీనిలో లేజరు పాత్ర లేదు. ఖరీదైన కటకము వేయింపలేకపోతిమని కుమిలిపోవువారికి ఒక మాట: సాధారణ కటకముతో దూరపుచూపు చక్కగనే వచ్చును, అధికమూల్యము చెల్లించునది చాలవరకు దగ్గరి అద్దములను తప్పించుకొనుటకే.

ఇక ఆగుటవలని కీడు. ముదిరిన కటకమును పగులగొట్టుటకు ధ్వనిశక్తి అధికముగా వాడవలసివచ్చును. దానివలన నల్లగ్రుడ్డు లోపలివైపు కణములు దెబ్బతినును, అవి మరల పుట్టవు. మరికొందరిలో కటకము ఉబ్బియో, దానిలోని పదార్థము కారియో కంటిపీడనము హఠాత్తుగా పెరిగి, కన్ను ఎర్రబడి, తలనొప్పియు వాంతులును కలిగి, చూపునరము చచ్చిపోవును. అటుపిమ్మట శుక్లము తీసినను చూపు రాదు. చలికాలమే రావలెననుటయు, చుక్కలమందుతో శుక్లము కరుగుననుటయు ఆధారములేని మాటలు.

అవిభక్త ఆంధ్రప్రదేశమున 1996–2000 నడుమ పదివేలకు పైబడిన ప్రజలను పరీక్షించిన సర్వేలో నూటికి 1.84 మంది అంధులని, ఆ అంధత్వములో 44 శాతమునకు శుక్లమే కారణమని తేలినది. 2015–19 జాతీయసర్వే యేబదియేండ్లు పైబడినవారి అంధత్వములో 66.2 శాతము చికిత్సపొందని శుక్లమువలననే యని చెప్పినది. తెలంగాణలో 2018లోను, ఆంధ్రప్రదేశములో 2019లోను కంటివెలుగు పేర పరీక్షలు ఊరి నడుమకే వచ్చినవి. అయినను "ఈ వయస్సులో నాకెందుకు ఖర్చు" అని వెనుకకు తగ్గు తల్లులను ఒప్పించు పని బిడ్డలదే.

చికిత్స జరిగినపిమ్మట ఏ నెలలకో ఏండ్లకో మరల మసక కమ్మినచో శుక్లము తిరిగి వచ్చినదని భయపడనక్కరలేదు. వెనుకటి పొర మందగించుటయే అది, దానిని యాగ్ లేజరుతో నిమిషములలో సరిచేయుదురు. కాని తొలిదినములలో నొప్పి, ఎరుపు హెచ్చి చూపు తగ్గినచో అది లోపలి సంక్రమణము కావచ్చును. తెల్లవారువరకు వేచియుండక ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. మీ ఇంట అరువదియేండ్లు దాటినవారున్నచో ఒక కన్ను మూయించి గోడమీది క్యాలెండరును చదివింపుడు, పిమ్మట రెండవది మూయించి చదివింపుడు. ఏ కంటనైనను తడబాటు కనబడినచో పండినదా లేదా యని మీరు నిర్ణయింపక, ఈ వారముననే కంటివైద్యునియొద్దకు తోడ్కొనిపొండు.