పల్లె గ్రంథాలయమునకు ముప్పది యేండ్ల లెక్క

ఒక పల్లెలో గ్రంథాలయ భవనమునకు శంకుస్థాపన జరుగునాడు కానవచ్చు ఉత్సాహమును, ఆ భవనము పూర్తియై పదియేండ్లు గడచిన పిమ్మట దాని వాకిటనుండు నిశ్శబ్దమును ప్రక్కప్రక్కన నిలిపి చూచినవారికి, మన పల్లెలయందు విద్యాభిమానమునకును దాతృత్వమునకును ఎన్నడును కొఱతలేదనియు, ఆరంభించినదానిని ఒక తరము చేతినుండి మఱియొక తరము చేతికి అందించుటకు వలయు ముందులెక్కయే కొఱతవడినదనియు తోపకమానదు. భవనమునకు ధనము ఒక్కమారు చాలును. పుస్తకములకు ఏటేట కావలెను. పత్రికలకు నెలనెల కావలెను. తలుపు తెఱచి దీపము వెలిగించు మనిషి ప్రతిదినము కావలెను. మొదటి వ్యయము అందఱికిని కనబడును, తక్కినవి కనబడవు. గ్రామీణ గ్రంథాలయ వ్యవస్థకు దీర్ఘకాలిక ప్రణాళిక యనగా, ఆ కనబడని వ్యయములను ముందుగా గణించి, అవి ముప్పది నలువది యేండ్లపాటు ఆగిపోకుండ సమకూడు మార్గమును ఏర్పఱచుట యని చెప్పవలసియున్నది. ఈ విషయమున తెలుగునాటికి గల అనుభవము మిక్కిలి గొప్పది; దానినుండి మనము నేర్చుకొనవలసినది యింకను చాల మిగిలియున్నది.

తెలుగువారి గ్రంథాలయోద్యమము ప్రభుత్వపుటుత్తర్వులవలన పుట్టినది కాదు. భీమవరము చెంతనున్న కుముదవల్లి గ్రామమున 1897లోనే వీరేశలింగ కవిసమాజ గ్రంథాలయము వెలసినది. తెలుగునకు రాజాదరణము లేని నిజాము రాష్ట్రమున, 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపితములైనవి. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడునాటికి దానికి ప్రాణమైయుండిన అయ్యంకి వెంకటరమణయ్యగారికి పాతికేండ్లైనను నిండలేదు. ఆయనయు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారును, వారి సహచరులును ఊరూర తిరిగి, రాత్రిబడులు పెట్టించి, చదువురాని వానికి చదివి వినిపించుటయు గ్రంథాలయ ధర్మమేయని బోధించి, పుస్తకమును జాతీయోద్యమముతో ముడివేసిరి. వారి కృషినంతయు ఇచట వర్ణించుట సాధ్యము కాదు. కాని అందొక్క ప్రయత్నమును మాత్రము కొంచెము నిలిచి చూడవలసియున్నది.

1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా డెల్టాలోని పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువమీద నడచు పడవలలో గ్రంథాలయము నెలకొల్పిరి. ఆ దినములలో డెల్టాయందు కాలువయే రాజమార్గము. సంతకు పోవువారును, పెండ్లికి పోవువారును, వ్యాజ్యమునకు పోవువారును అందఱును పడవనే యెక్కవలసినవారు. పడవ నడక మిక్కిలి నెమ్మది. ప్రయాణికునకు చేయదగిన పనియేదియు లేదు. అట్టివానికి అందునంత దూరమున పుస్తకముల నుంచి చదువనిచ్చుట ఆ గ్రంథాలయము చేసిన పని. దీనిని కేవలమొక వింతగా చెప్పుకొని సంతోషించుట మనకు అలవాటైనది. నా దృష్టికిమాత్రము ఇందొక నిశితమైన ప్రణాళికాబుద్ధి కానవచ్చుచున్నది. పాఠకుడు గ్రంథాలయమునకు వచ్చునా రాడా యని యోచింపక, పాఠకునకు తీరిక యెచట దొరకుచున్నదో ముందుగా కనిపెట్టి, పుస్తకమును అచటికి పంపిరి. తమిళదేశమున 1931లో మన్నారుగుడి ప్రాంతమున ఎడ్లబండిపై పుస్తకములను పల్లెలకు తిప్పినవారిది కూడ ఇట్టి యోచనయే. పిదప రోడ్లు పడెను, బస్సులు వచ్చెను, కాలువలమీది ప్రయాణికుల పడవలు కనుమఱుగయ్యెను. పడవ నాశ్రయించిన సేవ పడవతోనే పోవును. అందు ఎవరి తప్పును లేదు. కాని పాఠకుని దారి మాఱిన ప్రతిమారును పుస్తకపు దారిని మార్చుట కొక వ్యవస్థ యుండవలెను. ఒక్క మహానుభావుని ఉత్సాహముమీద, ఆయన ఆయుర్దాయముమీద అది ఆధారపడియుండరాదు.

ఈ సత్యమును ఆనాటి పెద్దలే గుర్తించిరి. బరోడా సంస్థానమున శయాజీరావు గాయకవాడు మహారాజుగారు 1910లో అమెరికానుండి బోర్డెను అను గ్రంథాలయ నిపుణుని రప్పించి, ఊరివారు కొంత సొమ్ము కూర్చినచో ప్రాంతపు పంచాయతీ అంతే సొమ్మును, సంస్థానము అంతే సొమ్మును కలుపునట్టి యేర్పాటు చేసిరి. ఇది మిక్కిలి మేలైన పద్ధతియే. ఊరివారికి గ్రంథాలయము తమదియను భావము దీనివలన కలుగును. అయినను ముందుగా తన వంతు కూర్చుకొనలేని ఊరికి ఈ పద్ధతిలో ఏమియు రాదు. ఎచట పుస్తకము మిక్కిలి అవసరమో అచటికే అది చేరదు. కావున స్వచ్ఛంద విరాళమునకు మాఱుగా చట్టబద్ధమైన పన్నే గ్రంథాలయమునకు పునాది కావలెనని షియాలి రామామృత రంగనాథనుగారు జీవితమంతయు వాదించిరి. ఆయన కృషి ఫలముగా వచ్చిన 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టము, ఇంటిపన్నులో రూపాయకు ఆరు పైల చొప్పున, అనగా అర్ధణా చొప్పున గ్రంథాలయ సెస్సు విధించినది. 1950లో రంగనాథనుగారు దేశమంతటికిని ముప్పదియేండ్ల గ్రంథాలయాభివృద్ధి ప్రణాళికను రచించి ప్రకటించిరి. ఆ దశాబ్ది చివర భారత ప్రభుత్వము నియమించిన సిన్హా సంఘము ఇరువదియైదేండ్ల ప్రణాళికను సూచించినది. పంచవర్ష ప్రణాళికలే దేశమునకు సర్వస్వమై యుండిన కాలమున, పుస్తకమునకు అయిదేండ్లు చాలవని వారు తలంచుట గమనింపదగినది. నేడు బడిలో చేరిన బాలుడు చదువరియై, తండ్రియై, తన బిడ్డ చేయిపట్టుకొని గ్రంథాలయమునకు వచ్చు నాటికి పట్టు కాలమే వారి కొలత.

1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు మద్రాసు చట్టము సంక్రమించినది. హైదరాబాదు రాష్ట్రమునకు 1955లో వేఱొక చట్టము వచ్చినది. రెండు ప్రాంతములును కలిసిన పిమ్మట 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము అమలులోనికి వచ్చి, జిల్లాకొక జిల్లా గ్రంథాలయ సంస్థ ఏర్పడినది. జిల్లా కేంద్ర గ్రంథాలయము, దాని క్రింద శాఖా గ్రంథాలయములు, వానికిని దిగువ గ్రామీణ గ్రంథాలయములు, పుస్తకములను మాత్రము కొంతకాలము ఉంచి మార్చుకొను పుస్తక నిక్షిప్త కేంద్రములు అని వరుస యేర్పడినది. నేడు ఇంటిపన్నులో రూపాయకు ఎనిమిది పైసలు సెస్సు. పంచాయతీలును పురపాలక సంఘములును ఇంటిపన్నుతోపాటు దానిని వసూలుచేసి జిల్లా సంస్థకు జమ కట్టవలెను.

జిల్లాయే ఏల యూనిట్టు కావలెనను ప్రశ్నకు సమాధానము ఈ ఎనిమిది పైసలలోనే యున్నది. ఏడాదికి లక్షరూపాయల ఇంటిపన్ను వచ్చు ఊరినొకదానిని ఊహింతము. ఆ ఊరినుండి వచ్చు సెస్సు ఎనిమిదివేలు. ఒక తెలుగు దినపత్రికకు నెలకు రమారమి 200 రూపాయలగుననుకొన్నచో, మూడు పత్రికలకు ఏడాదికి 7,200 రూపాయలు. మిగిలిన ఎనిమిదివందలతో కొనదగినవి నాలుగు పుస్తకములు. బల్లలకు, దీపములకు, మనిషికి ఏమియు లేదు. అయిదుకోట్ల ఇంటిపన్ను వచ్చు పట్టణమున్నచో అచటి సెస్సు నలువదిలక్షలు. ఎవరి సెస్సు వారికేయని విడిచినయెడల పట్టణమునకు వలసినదానికన్న మిన్నగా పుస్తకములుండును. ఊరికి పత్రికలు మాత్రముండును. రెండింటిని ఒక్క నిధిలో చేర్చి అవసరమునుబట్టి పంచినప్పుడే పల్లెకు గ్రంథాలయము దక్కును. ఈ పంపకమే ఈ వ్యవస్థకు జీవనాడి. ఇంటిపన్నుతోపాటు వసూలైన సెస్సు స్థానిక సంస్థల ఖాతాలలోనే నిలిచిపోయి బకాయిగా పేరుకొనిపోవుచున్నదను ఫిర్యాదు ఆంధ్రప్రదేశ, తెలంగాణ రాష్ట్రములు రెండింటియందును చిరకాలముగా వినబడుచున్నదే. దానివలన మొదట దెబ్బతినునది పట్టణ గ్రంథాలయము కాదు, తనకంటూ వేఱొక ఆధారము లేని పల్లె గ్రంథాలయము. మఱియొక విషయము. తెలంగాణమున జిల్లాలు 2016లో 31గా, 2019లో 33గా పెరిగినవి. ఆంధ్రప్రదేశమున 2022లో 13 జిల్లాలు 26 అయినవి. పరిపాలన కిది సౌకర్యమే కావచ్చును. కాని నిధియు జిల్లాతోపాటు చీలినచో, పెద్ద పట్టణము ఒక వైపునకును, అడవిపల్లెలు మఱియొక వైపునకును పడును. కావున రాబోవు కాలమునకు ప్రణాళిక వ్రాయువారు జిల్లాల నడుమ కూడ సర్దుబాటు జరుగునట్లు రాష్ట్రస్థాయిలో ఒక సమీకరణ నిధిని తప్పక ఏర్పఱుపవలెనని నా దృఢమైన అభిప్రాయము.

ఇక పుస్తకముల లెక్క. పలువురి చేతులలో నలుగుచు, వానకాలపు చెమ్మకును చెదలకును ఓర్చుకొని ఒక పుస్తకము పదియేండ్లు నిలుచుననుకొందము. అయిదువేల పుస్తకములున్న శాఖలో ఉన్నది ఉన్నట్లుండుటకే ఏటేట అయిదువందలు క్రొత్తవి రావలెను. కొనుగోలు రెండేండ్లు ఆగినచో వేయి పుస్తకములు వెనుకబడును. మూడవయేట ఎక్కువగా కొన్నను ఆ రెండేండ్లలో విసిగి మానిన పాఠకుడు తిరిగి రాడు. అందువలన ఒక యేడు లక్షలు, మఱియొక యేడు సున్నగా సాగు కొనుగోలుకంటె కొంచెమైనను ఏటేట తప్పక సాగు కొనుగోలు శ్రేయస్కరము. పాతపుస్తకములను తీసివేయుటకు మనకు మనసొప్పదు, అది సహజమే. కాని భద్రపఱచుట యొక ధర్మము, చదివించుట మఱియొక ధర్మము. 1918లో నెలకొని, 1929లో గాంధీజీ భవనమునకు పునాదిరాయి వేసిన వేటపాలెపు సారస్వత నికేతనము వంటి సంస్థలు పాతపత్రికలను, అపురూప గ్రంథములను కాపాడుచుండుటచేతనే నేడు పరిశోధకులు అచటికి వెదకుకొని పోవుచున్నారు. ఆ భారము ప్రతి గ్రామీణ గ్రంథాలయమునకును తగదు. జిల్లా కేంద్రమున ఒక్క ప్రతిని భద్రపఱచి, పల్లెలో చినిగిన ప్రతికి మాఱుగా క్రొత్తది పంపుట ఉచితమైన విభజనము.

పాఠకుడును మాఱుచున్నాడు. నేడు శాఖా గ్రంథాలయమున అడుగిడినచో ఎక్కువగా కనబడువారు పోటీపరీక్షలకు చదువు యువతీయువకులు. వారు తమ పుస్తకములను తామే తెచ్చుకొని, గ్రంథాలయమునుండి బల్లను, గాలిని, వెలుతురును, నిశ్శబ్దమును మాత్రమే కోరుదురు. వీరివలన గ్రంథాలయము పఠనమందిరమైపోయినదని విచారించువారున్నారు. నేను వారితో ఏకీభవింపను. ఇంట ఒక్కగది యున్న కూలివాని కుమార్తెకు ప్రశాంతముగా చదువుకొన చోటిచ్చుటకంటె గొప్ప గ్రంథాలయసేవ యేమున్నది? కాని ఆ యువతి ఉద్యోగము సంపాదించి నగరమునకు పోవును. ఊరిలో మిగులువారు ఆమె తల్లిదండ్రులు. ఇరువదియేండ్ల పిమ్మట పల్లె గ్రంథాలయపు పాఠకులలో వృద్ధుల పాలు పెరుగునని జనసంఖ్యను గమనించినవారెవరైనను చెప్పగలరు. వారికి పెద్ద అక్షరముల పుస్తకములు, వినదగిన పుస్తకములు, మెట్లులేని వాకిలి కావలెను. ఉదయము కొన్ని గంటలును సాయంకాలము కొన్ని గంటలును తెఱచు పనివేళలు పొలమునుండి పొద్దుగూకిన పిమ్మట ఇల్లుచేరు స్త్రీకి ఎన్నడును అనుకూలింపవు; ఆమెకొఱకు పుస్తకము ఆమె బిడ్డ బడిసంచిలో ఇంటికి పోవలెను, అనగా గ్రంథాలయమునకును ప్రభుత్వ పాఠశాలకును నియతమైన యొడంబడిక యుండవలెను. కంప్యూటరులు, అంతర్జాల సౌకర్యము మంచివే. అయితే వానిని కొనునాటి ధరతోపాటు అయిదారేండ్లకొకమారు మార్చు ధరయు ప్రణాళికలో వ్రాసిపెట్టుట మఱవరాదు.

అన్నిటికంటె సులభముగా ముందే చెప్పదగినదియు, అన్నిటికంటె ఎక్కువగా ఉపేక్షింపబడుచున్నదియు గ్రంథపాలకుని విషయము. ఉద్యోగి పదవీవిరమణ చేయు తేది ఆయన చేరిననాడే తెలియును. అయినను ఆ తేది వచ్చిన పిమ్మట ఖాళీ యేర్పడి, ప్రక్క ఊరి గ్రంథపాలకునకు అదనపు బాధ్యత యప్పగింపబడి, రెండు గ్రంథాలయములును దినము విడిచి దినము తెఱవబడును. ఎవరు ఏనాడు తెఱచునో తెలియని గ్రంథాలయమునకు రెండుమార్లు వచ్చి తాళము చూచి మరలిన వృద్ధుడు మూడవమారు రాడు. జిల్లాలోని ఉద్యోగుల విరమణ తేదులను ఒక పట్టికగా వేసికొని, ఖాళీకి ఏడాదిముందే నియామకమునకు ఉపక్రమించుటకు గొప్ప ధనమక్కఱలేదు.

ఇట్టి ప్రణాళికకు మొదటి సామగ్రి నిపుణుల నివేదికలలో దొరకదు. ప్రతి శాఖలోను పాఠకుడు అడిగి లేదనిపించుకొన్న పుస్తకముల పేర్లు వ్రాయు పుస్తకమొకటి యుండవలెను. వ్యవసాయపుస్తక మడిగిన రైతు, కథలపుస్తక మడిగిన బాలిక, న్యాయశాస్త్ర మడిగిన నిరుద్యోగి, తాను చిన్ననాడు చదివిన నవల నడిగిన అవ్వ, వీరందఱి పేరులును అందు చేరవలెను. అడిగిన తేది, పుస్తకము వచ్చిన తేది ఎదురెదురుగా నుండవలెను. అయిదేండ్లకొకమారు ప్రణాళికను సరిచూచునప్పుడు జిల్లాలోని ఈ పుస్తకములన్నియు ఒకచోట చేర్చి, ఏ మండలమున ఏ కోరిక ఎన్నినెలలు నిలిచిపోయినదో తీసిచూపి, అప్పుడు జిల్లా సంస్థ ఆయవ్యయముల సమావేశమును ఆరంభింపవలెను.