వైపర్ ఆగితే మోటారే పోయిందా?

మెట్ట ప్రాంతం కదా, మా దర్శి వైపు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే. కారు హారన్ మోగకపోతే ఆ పూటే షెడ్డుకి వెళ్తాం. వైపర్ సంగతి మాత్రం వాన పడ్డాకే గుర్తొస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు లోపు వాయుగుండాలొస్తే రాత్రీ పగలూ తేడా ఉండదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారంలోనే మా పాత కారుకి డ్రైవరు వైపు వైపర్ ఆగిపోయింది. రెండోది మాత్రం చక్కగా తిరుగుతోంది. ఎదురుగా లారీ లైట్లు పడితే అద్దమంతా తెల్లటి వెలుగే, రోడ్డు కనపడదు. వెనక సీట్లో పెద్దవాళ్లున్నారు. పక్కకి ఆపేసి, వాన తగ్గాకే కదిలాం.

మర్నాడు ఒక మెకానిక్, “మోటారు పోయింది సార్, మార్చాలి” అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. మా కారులో ముందు వైపర్లు రెండింటికీ ఒకటే మోటారు. ఒకటి తిరుగుతోందంటే మోటారు బాగున్నట్టే కదా!

లోపల ఏముంటుంది?

1903లో అమెరికాలో మేరీ ఆండర్సన్ పేటెంట్ తీసుకున్న వైపర్‌ని లోపల కూర్చుని చేత్తో లీవరు తిప్పి నడపాలి. ఇప్పుడు ఆ పని మోటారు చేస్తుంది. మోటారు గుండ్రంగా తిరిగితే, ఇనుప కడ్డీలు దాన్ని అటూ ఇటూ ఊపుగా మారుస్తాయి. కడ్డీల కీళ్లలో చిన్న ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి. ఎండకి, దుమ్ముకి అవి అరిగితే కడ్డీ ఊడిపోతుంది.

అద్దం తడిపి, స్విచ్ వేసి వినండి. చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు చూడండి. మోటారు చప్పుడు వస్తున్నా రెండూ కదలకపోతే, మోటారు దగ్గరి కీలు ఊడి ఉండొచ్చు. ఒక్కటే ఆగితే దాని నట్టు వదులైందో, బుష్ పోయిందో చూడాలి.

విప్పే పద్ధతి

వైపర్లు కిందికొచ్చి ఆగాక తాళం తీసెయ్యండి. బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. ఇది మర్చిపోవద్దు, కడ్డీల మధ్య వేలు పడితే నలిగిపోతుంది. బ్లేడు ఆగిన చోట అద్దం మీద టేపు అంటించండి. మూత తీసి నట్టు చూడండి. వదులైతే చెయ్యి అదే చోట పెట్టి బిగిస్తే పనైపోయినట్టే.

నట్టు గట్టిగా ఉంటే అద్దం మీద తువ్వాలు పరిచి, వైపర్ చేతుల్ని మెల్లగా కదుపుతూ ఊడదీయండి. తర్వాత బానెట్‌కీ అద్దానికీ మధ్య నల్ల ప్లాస్టిక్ పట్టీ తీయాలి. మా కారులో దాని కింద వేపాకులు, పత్తి నూగు, మిరప కల్లాల దుమ్ము గూడు కట్టాయి. నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోతే తడి అక్కడే నిలిచి మోటారుకీ ముప్పే. అన్నీ శుభ్రం చేసి, కీలుకి గ్రీజు రాసి, కొత్త బుష్ నొక్కేశాను. మోటారు ధర ముందు బుష్ ఖర్చు ఏపాటిది!

బ్యాటరీ కలిపి, చేతులు బిగించకుండానే మోటారుని ఒకసారి తిప్పి ఆపండి. ఆగాక తాళం తీసి, టేపు గుర్తు ప్రకారం చేతులు బిగించండి.

వైరుతో కట్టేయడం ఇల్లు చేరేవరకే. ఫ్యూజు బాగుండీ చప్పుడు రాకపోతే ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. కారు వారంటీలో ఉంటే విప్పకుండా కంపెనీ సర్వీసుకే ఇవ్వండి.

సెప్టెంబరులోనే ఒక ఆదివారం వైపర్లు వేసి చూసుకోండి. నీళ్లు చల్లాకే సుమా, పొడి దుమ్ము మీద తిప్పితే అద్దం గీతలు పడుతుంది.