మానై వంగే కలప

'మొక్కై వంగనిది మానై వంగునా' అని మనలో ఒక సామెత ఉన్నది. పిల్లల పెంపకంలో అది నిజం కావచ్చు. కలప సంగతి వేరు. అది మానైన తరువాత కూడా వంగుతుంది. వంచే ఉపాయం తెలియాలి, అంతే.

గిటారును చూడండి. ఎనిమిది అంకెవలె నడుము సన్నగా ఉన్న ఆ పెట్టె పక్కగోడలు చెక్కతో చేసినవే. అవి దుంగను తొలిచి తీసినవి కావు. తిన్నని పలకలను వంచి చేసినవి. మన బొబ్బిలి వీణ పద్ధతి ఇందుకు భిన్నం. అక్కడి శిల్పులు ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణను చేస్తారు. అది గొప్ప పనితనం. కాని దానికి పెద్ద దుంగ కావాలి. తొలిచిన కలపంతా పొట్టుగా పోతుంది. పలకను వంచితే కొద్ది కలపతోనే పని జరుగుతుంది.

అయితే పలక వంగేటప్పుడు విరగకుండా ఉండటం ఎట్లా? వంపుకు వెలుపలి వైపున ఉన్న పోగులు సాగుతాయి. లోపలి వైపువి కుదించుకుపోతాయి. నడిమి పొర పొడవు మారదు. వెలుపలి పోగులు ఎంత సాగుతాయో తెలియాలంటే పలక మందాన్ని వంపు వ్యాసంతో భాగించాలి. గిటారు పక్కగోడ మందం సుమారు 2 మిల్లీమీటర్లు. నడుము దగ్గర వంపు వ్యాసార్ధం 60 మిల్లీమీటర్లు అనుకొందాం. అప్పుడు వ్యాసం 120. సాగుదల 2/120, అంటే 1.67 శాతం. ఎండిన కలప సుమారు ఒక శాతం సాగేసరికే తెగిపోతుంది. కనుక ఆ పలక విరగక తప్పదు.

దీనికి రెండు ఉపాయాలున్నాయి. మొదటిది తడి, వేడి. కలపలో సెల్యులోజ్ పోగులను లిగ్నిన్ అనే పదార్థం అంటిపెట్టుకొని ఉంటుంది. తడిసిన లిగ్నిన్ సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మెత్తబడుతుంది. అందుకే పనివారు పలకను తడిపి, వేడి గొట్టానికి ఒత్తి మెల్లగా వంచుతారు. చల్లారగానే లిగ్నిన్ మళ్ళీ గట్టిపడి, వంపు చాలావరకు నిలుస్తుంది.

రెండవది పొరల ఉపాయం. వెదురు బొంగును అట్లాగే వంచబోతే విరుగుతుంది. మేదరివారు దానిని పలుచని బద్దలుగా చీల్చి గంపలు అల్లుతారు. వీర్నపల్లి వంటి ఊళ్ళ విద్యార్థులకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. 2 మిల్లీమీటర్ల పలకకు బదులు, అందులో మూడోవంతు మందం గల మూడు రేకులు తీసుకొంటే సాగుదల ఒక్కొక్క రేకుకు 0.56 శాతమే. ఏదీ తెగదు.

కాని విడి రేకులు వదలగానే తిన్నగా అవుతాయి కదా! మీ నోటు పుస్తకాన్ని వంచి చూడండి. కాగితాలు ఒకదానిపై ఒకటి జారి, అంచు ఏటవాలుగా అవుతుంది. వంచి ఉంచే ఆ అంచును వేళ్ళతో గట్టిగా బిగించండి. ఇక పుస్తకం సులభంగా తిన్నగా కాదు. రేకుల మధ్య బంక చేసే పని ఇదే: జారుడును ఆపుతుంది.

పలక బిగువు దాని మందపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. విడిగా ఉన్న మూడు రేకుల బిగువు ఒక్క రేకుకు మూడింతలు. అంటుకొన్న తరువాత ఇరవై ఏడింతలు. అందువల్ల అచ్చు నుంచి తీసిన తరువాత వంపు వెనక్కి పోయేది సుమారు తొమ్మిదో వంతే. వంచేటప్పుడు మెత్తన, వంగిన తరువాత గట్టి!

గిటారు పనివారు రేకులకు బంక పూసి, అచ్చులో బిగించి, ఆరేదాకా ఉంచుతారు. వీపు పలకకు కొద్దిపాటి గుబ్బతనం ఉంటుంది. దానిని తట్టవంటి లోతు తక్కువ అచ్చులో ఒత్తుతారు. బంక ఎంపికలో జాగ్రత్త అవసరం. మామూలు తెల్ల బంక ఎండ వేడికి మెత్తబడి, రేకులను మెల్లగా జారనిస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. యూరియా ఫార్మాల్డిహైడ్ బంక గట్టిపడితే అట్లా జారదు.

మరి నాదం చెడదా? స్పెయిన్ శిల్పి ఆంటోనియో ద టోరెస్ 1862లో పక్కలకూ, వీపుకూ కాగితపు అట్టను వాడి, ముఖానికి మాత్రం మంచి కలప పెట్టి గిటారు చేశాడు. నాదానికి ముఖపలకే ముఖ్యమని చూపటం ఆయన ఉద్దేశం. 1932లో ఫ్రాన్సులో వెలువడిన సెల్మర్ గిటార్ల పక్కలూ వీపూ పొరల చెక్కతో చేసినవే; వాటికి నేటికీ పేరున్నది.

ఇందులో అడవికి మేలు కూడా ఉన్నది. గిటారు పక్కలకు వాడే కలపలలో మన ఇరుగుడు చెట్టు రోజ్‌వుడ్ ఒకటి. 2017 నుంచి రోజ్‌వుడ్ ప్రజాతి అంతటి అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ ఒప్పందపు నియంత్రణలోకి వచ్చింది. పైపొర మాత్రమే ఇరుగుడు రేకుగా, లోపలివి చౌక కలపగా పెడితే, ఒక్క పలకకు పట్టే కలప మూడింటికి సరిపోతుంది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చు. మూడు పలుచని వెదురు బద్దలకు బంక పూసి, ఒక గుండ్రని డబ్బాకు చుట్టి, పాత సైకిలు ట్యూబు ముక్కతో బిగించి ఒక రోజు ఉంచండి. బంక పూయని మరి మూడు బద్దలను పక్కనే అట్లాగే కట్టండి. మర్నాడు రెండు కట్లూ విప్పితే, మాను ఎప్పుడు వంగి నిలుస్తుందో పిల్లలే చెబుతారు.