బురద నీటికి మునగ గింజ మందు

తొలకరి వానలు పడగానే చెరువులు, వాగులు, దిగుడు బావుల్లో నీరు ఎర్రబారుతుంది. చేల దగ్గర పాకలేసుకుని ఉండేవాళ్లకు చాలాచోట్ల ఆ నీళ్లే దిక్కు. మన పెద్దలు చిల్లగింజను అరగదీసి కుండలో కలిపి బురదను అడుక్కి దింపేవారు. పటిక సంగతి అందరికీ తెలుసు. పెరట్లో ఎండి రాలిపోయే మునగ గింజ కూడా ఇదే పని చేస్తుందంటే మాత్రం మనలో చాలామంది నమ్మరు.

సూడాన్‌లో నైలు ఒడ్డున ఉండే పల్లెటూరి ఆడవాళ్లకు ఇది ఎప్పట్నుంచో తెలుసు. 1970ల్లో అక్కడ పనిచేసిన జర్మన్ శాస్త్రవేత్త సామియా అల్ అజరియా జాన్ దీన్ని పరిశోధనకు ఎక్కించారు. తర్వాత ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయం ఇంజనీర్లు 1990ల మొదట్లో మలావీ దేశంలోని థయోలో నీటిశుద్ధి కేంద్రంలో పటిక బదులు మునగ గింజ వాడి చూశారు. 270 నుంచి 380 యూనిట్ల మడ్డితో వచ్చిన వాననీరు 4 యూనిట్ల లోపుకి తేటపడింది. నూనె తీసేశాక మిగిలే పిండి కూడా ఇలాగే పనిచేస్తుందట. అంటే నూనెకు నూనె, నీటికి నీరు.

ఇందులో కిటుకు గింజలోని మాంసకృత్తులది. నీటిలోని మట్టి రేణువులకు రుణావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. మునగ మాంసకృత్తులకు ధనావేశం ఉండడంతో రేణువులు వాటిని పట్టుకుని ముద్దకట్టి దిగిపోతాయి.

చెట్టు మీదే బాగా ఎండిన కాయ గింజలే తీసుకోవాలి. పచ్చికాయ గింజలు పనికిరావు. 20 లీటర్ల బిందెకు బురదను బట్టి 10 నుంచి 20 గింజలు పడతాయి. పైపొట్టు, రెక్కలు తీసి, తెల్లటి పప్పును మెత్తగా దంచాలి. ఆ పొడిని గ్లాసు మంచినీళ్లలో 5 నిమిషాలు బాగా గిలక్కొట్టి, పలచటి గుడ్డలో వడగట్టి, ఆ పాలలాంటి నీళ్లు బిందెలో పోయాలి. ఒక నిమిషం జోరుగా, తర్వాత 10 నిమిషాలు మెల్లగా తిప్పి, గంటా రెండు గంటలు కదపకుండా ఉంచితే సరి. పైతేటను వంచుకోవాలి. మొదట చెంబు నీళ్లలో చేసి చూసుకుంటే మోతాదు తెలుస్తుంది.

విత్తనాల కోసం కొన్న ప్యాకెట్ గింజలు మాత్రం పొరపాటున కూడా వాడొద్దు. వాటికి విత్తనశుద్ధి మందు పట్టించి ఉండొచ్చు.

తేటపడింది కదాని అలాగే తాగేయకూడదు. బురదతోపాటు 90 శాతం పైగా సూక్ష్మక్రిములు దిగిపోతాయని పరీక్షల్లో తేలినా, మిగిలిన కాసిన్ని చాలు పిల్లలకు విరేచనాలు పట్టుకోవడానికి. కాచి చల్లార్చాల్సిందే. ఫ్లోరైడు నీళ్లు తాగే ఊళ్లవాళ్లు కూడా దీన్ని నమ్ముకోవద్దు. ఆ పని పటిక, సున్నంతో చేసే నల్గొండ పద్ధతిది. పురుగుమందులు కలిసిన నీటికీ ఇది విరుగుడు కాదు.

ఇంకో చిక్కుంది. గింజ పొడి తాలూకు సారం నీటిలో మిగిలిపోయి క్రిములకు మేతవుతుంది. అందువల్ల ఏ రోజు నీళ్లు ఆ రోజే వాడేయాలి. దీనికి అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2012లో ఒక ఉపాయం చూపారు. మునగ సారాన్ని ఇసుకకు పట్టించి, ఆ ఇసుకను కడిగేస్తే మాంసకృత్తులు ఇసుకకు అంటుకునే ఉంటాయి, మేత కొట్టుకుపోతుంది. ఆ ఇసుకతో నీళ్లను శుద్ధి చేయొచ్చని వాళ్ల పరీక్షల్లో తేలింది.

మనకైతే ప్రస్తుతానికి గింజే సులువు. వేసవిలో ఎండిన కాయలు కోసి, గింజల్ని పొట్టుతోనే తడి తగలని డబ్బాలో దాచుకుంటే వానాకాలానికి పనికొస్తాయి. పొడి మాత్రం ఎప్పటికప్పుడు దంచుకోవాలి.