బుక్ రివ్యూ రీల్స్ మొదలెడుతున్నారా? ఫ్రీగా వచ్చే మొదటి పుస్తకంతోనే అసలు చిక్కు.. నెల్లూరు తీరం వాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలివే!

చేతిలో ఫోను, ఇంట్లో నాలుగు పుస్తకాలు. సోషల్ మీడియాలో బుక్ రివ్యూలు మొదలుపెట్టడానికి ఇంతకంటే పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. పైదేశాల్లో 'బుక్‌టాక్' పేరుతో టిక్‌టాక్‌లో ఇదో పెద్ద ట్రెండ్. మన దేశంలో 2020 జూన్ 29న టిక్‌టాక్‌పై నిషేధం పడింది కాబట్టి ఇక్కడ ఇన్‌స్టా రీల్స్, యూట్యూబ్ షార్ట్స్‌దే రాజ్యం. కావలి, అల్లూరు, మైపాడు, కృష్ణపట్నం.. ఏ ఊర్నుంచైనా మొదలుపెట్టొచ్చు.

ఇంతకీ ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? ఇంగ్లిష్ బెస్ట్ సెల్లర్ల మీద ఇప్పటికే వందల వీడియోలున్నాయి. అక్కడ మీ గొంతు ఎవరికీ వినపడదు. నెల్లూరు వాళ్లకు సొంత అల్మరా ఒకటుంది. మహాభారతంలో విరాట పర్వం నుంచి 15 పర్వాలు తెలుగు చేసిన తిక్కన నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలోని వాడు. ఆత్రేయది సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడు. ఆయన్ని పాటల రచయితగానే గుర్తుపెట్టుకున్నారు గానీ నాటకాలూ రాశారు. 'దర్గామిట్ట కథలు' రాసిన మహమ్మద్ ఖదీర్‌బాబుది కావలి.

వీటికంటే ఆసక్తి కలిగించేవి కూడా ఉన్నాయి. యానాదుల మీద వెన్నెలకంటి రాఘవయ్య రాసిన ఇంగ్లిష్ పుస్తకం 1962లో వచ్చింది. ఆ పేజీల్లోని బతుక్కీ, ఇవాళ రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటున్న యానాది కుటుంబాల బతుక్కీ ఏం తేడా వచ్చిందో హైదరాబాద్‌లో కూర్చున్న రివ్యూయర్ చెప్పలేరు. ఆ గట్ల మీద తిరిగేవాళ్లు చెప్పగలరు. అట్నే బాస్వెల్ అనే బ్రిటిష్ అధికారి 1873లో తెచ్చిన నెల్లూరు జిల్లా మాన్యువల్. దాన్ని తెరిచి మీ ఊరి పేరు వెతికినా ఒక రీల్ అవుతుంది.

భాష గురించి భయం వద్దు. 'ఏందబ్బా ఈ కథ' అని నెల్లూరు యాసలో మొదలుపెడితే తప్పేం లేదు, వినేవాళ్లు ఆగుతారు కూడా. అయితే కథంతా చెప్పేయడం రివ్యూ కాదు. మనసులో నిలబడిపోయిన సీను ఒకటి, విసుగొచ్చిన చోటు ఒకటి, ఎవరికి నచ్చుతుందన్న మాట ఒకటి. నిమిషానికి అంతే సరిపోతుంది. అన్నట్టు, సముద్రం ఒడ్డున షూట్ చేస్తే వీడియో బాగుంటుంది గానీ గాలికి మాట వినపడదు. గొంతు విడిగా ఇంట్లో రికార్డు చేసుకోవడం మంచిది.

ఇక అసలు చిక్కు దగ్గరికొద్దాం. ఫాలోవర్లు కాస్త పెరగ్గానే రచయితలు, పబ్లిషర్లు పుస్తకాలు పంపడం మొదలవుతుంది. 'చదివి నాలుగు మాటలు చెప్పండి' అంటారు. చిన్న ఊళ్లలో ఆ రాసినాయన మీ మేష్టారో, మీ నాన్న స్నేహితుడో అయ్యుంటారు. సొంత డబ్బుతో అచ్చేయించుకున్న మనిషి. బాగాలేదని ఎలా చెప్తారు? చాలామంది కొత్త రివ్యూయర్లు ఇక్కడే జారిపోతారు. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ 'అద్భుతం' అంటారు. మూడో 'అద్భుతం' విని కొనుక్కున్న పాఠకుడు మోసపోయాననుకుంటే నాలుగో వీడియో చూడడు.

దీనికి చట్టం వైపు నుంచి కూడా లెక్కుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బులే కాదు, ఉచితంగా వచ్చిన వస్తువు కూడా 'సంబంధం' కిందకే వస్తుంది, అడక్కుండా పంపినా సరే. వస్తువును మెచ్చుకుంటూ ప్రచారం చేసేటప్పుడు ఆ సంగతి వీడియోలోనే, వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే చెప్పాలి. కింద హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచేస్తే కుదరదు. కొనుగోలు లింకు మీద కమీషన్ వచ్చినా ఇదే పద్ధతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో పాలుపంచుకున్న ప్రచారకర్తకు 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడొచ్చు. ఒక్క కథల పుస్తకానికి అంత దూరం వెళ్తుందా అంటే.. వెళ్లకపోవచ్చు. కానీ 'ఈ పుస్తకం రచయిత పంపారు' అనడానికి రెండు సెకన్లు చాలు.

మేష్టారి పుస్తకం సంగతేంటి మరి? తీసుకునే ముందే 'నచ్చకపోతే అదే చెప్తానండీ, ఫర్వాలేదా' అని అడిగేయడం ఒక దారి. అక్కడే సగంమంది వెనక్కి తగ్గుతారు. మిగిలినవాళ్లతో మాటపట్టింపు రాదు. మనిషిని వదిలేసి పుస్తకం గురించే మాట్లాడాలి. నెల్లూరుకు ఇది కొత్తేం కాదు. ఇక్కడి 'జమీన్ రైతు' వారపత్రిక 1950ల్లో రాసిన సినిమా సమీక్షల్ని పాత సినిమాల చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ వెతుక్కుంటున్నారు.

కాపీరైట్‌తో కూడా జాగ్రత్త. 1957 చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం సమీక్ష కోసం కొన్ని వాక్యాలు చదవొచ్చు. కథ మొత్తం చదివి అప్‌లోడ్ చేస్తే అది రివ్యూ కాదు. రచయిత చనిపోయాక 60 ఏళ్లదాకా హక్కులుంటాయి. తిక్కన పద్యాలకు ఇబ్బంది లేదు, దానికి ఈ కాలం పండితులు రాసిన వ్యాఖ్యానానికి ఉంటుంది. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానెలే పోవచ్చు.

డబ్బుల మాటకొస్తే, యూట్యూబ్‌లో యాడ్స్ ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ కావాలి. తెలుగు పుస్తకాలతో అక్కడిదాకా చేరడానికి టైమ్ పడుతుంది. ఈలోగా ప్రతి పుస్తకం కొనాలంటే జేబుకు కష్టమే. ఎవరికీ మొహమాటపడకుండా పుస్తకం దొరికే చోటు శాఖా గ్రంథాలయం. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఎలాగూ కడుతున్నారు. ఆ బీరువాల్లో ఏళ్లుగా ఎవరూ తీయని పుస్తకాలు కూడా ఉంటాయి. మొదటి రీల్‌కి వాటిలో ఒకటి తీసి చూడొచ్చు.