తగ్గింపు సరే.. మిగిలేదెంత?

మార్టులో నెల సరుకులు కొంటే నిజంగానే లాభమా? హోసూరు ఇళ్ల లెక్క ఇదీ..

హోసూరు: జీతాలు పడ్డాక వచ్చే మొదటి ఆదివారం మార్టుల ముందు బండి నిలపడానికి చోటు దొరకదు. సిప్కాట్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు, బాగలూరు, శూలగిరి, డెంకణీకోట వైపు నుంచి వచ్చే పల్లె కుటుంబాలు.. అందరూ ట్రాలీ నెట్టుకుంటూ వరుసల మధ్య తిరుగుతుంటారు. బయటికి వచ్చేటప్పుడు చేతిలో మూరెడు బిల్లు ఉంటుంది. దాని అడుగున ఇంత ఆదా చేశారంటూ ఓ అంకె. అది చూసి సంతోషపడని గృహిణి ఉండదు. మరి ఆ డబ్బంతా నిజంగా ఇంట్లో మిగిలినట్టేనా? కాస్త నిదానంగా లెక్క వేస్తే జవాబు ఇంటింటికీ మారుతుంది.

ఆ అంకె ఎక్కడిది?

బిల్లులో చూపే ఆదా అంతా గరిష్ఠ చిల్లర ధర, అంటే ఎమ్మార్పీ నుంచి తీసివేసి చెప్పేది. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని కంపెనీ ముద్రించే ధర. అదే అసలు ధర అనుకుంటేనే చిక్కు. వీధి చివరి కిరాణా అంగడిలోనూ నెల సరుకుల చీటీ ఒకేసారి ఇస్తే అన్నీ ఎమ్మార్పీకే అమ్మరు. నూనె, పప్పు, చక్కెర, సబ్బుల మీద ఎంతో కొంత తగ్గిస్తారు. కాబట్టి మార్టు ధరను పోల్చాల్సింది ఎమ్మార్పీతో కాదు, మీరు ఇన్నాళ్లూ కొంటున్న అంగడి ధరతో. అలా పోల్చినప్పుడు మిగిలే తేడాయే అసలు ఆదా. బిల్లు మీది అంకె కంటే అది ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది.

వాళ్లకు ఎలా గిట్టుబాటు అవుతుంది?

తగ్గింపు ధరల అంగళ్లు ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష దేశమంతటా వెయ్యికి పైగా అంగళ్లు తెరిచి, 2009లో మూతపడింది. 2002లో ముంబయిలోని పోవైలో తొలి అంగడి పెట్టిన డీమార్ట్ వేరే దారి పట్టింది. అద్దె భవనాల బదులు ఎక్కువగా సొంత స్థలాల్లో అంగళ్లు కట్టుకుంది. సరుకు ఇచ్చినవాళ్లకు త్వరగా డబ్బు చెల్లించి, అందుకు బదులుగా ధర తగ్గించుకుంది. అన్ని రకాలూ పెట్టకుండా వేగంగా అమ్ముడయ్యేవే పెట్టింది. అలా మిగిలినదాంట్లో కొంత కొనేవాళ్లకు తగ్గిస్తుంది. ఇందులో మోసం ఏమీ లేదు.

అయితే ఆ కంపెనీ అమ్మకాల్లో సగానికి పైగా తిండి సరుకులదైతే, ఐదో వంతుకు పైనే బట్టలు, ప్లాస్టిక్ డబ్బాలు, వంటింటి సామాను వంటివి. పప్పూ ఉప్పూ మీద మిగిలేది తక్కువ. బట్టలు, సామాను మీద మిగిలేది ఎక్కువ. పప్పు కోసం వచ్చినవాళ్లు పళ్లెం కూడా కొంటేనే మార్టుకు గిట్టుబాటు. బిల్లు కట్టే చోటికి చేరేలోపు ఆ వరుసలన్నీ దాటించేది అందుకే.

ఏది ఎక్కడ కొంటే మేలు?

సబ్బులు, బట్టల పొడి, టూత్‌పేస్టు, టీ పొడి, బిస్కెట్లు, పేరున్న కంపెనీల నూనె.. వీటిలో మార్టుదే పైచేయి. ఎక్కడ కొన్నా అదే సరుకు కాబట్టి ధర తక్కువున్న చోట కొనడమే తెలివి. చక్కెర, పప్పులు కూడా మార్టుల్లో తరచూ చవకే. కాకపోతే పప్పు గింజ సైజు, పాత కొత్త తేడా చూసుకోవాలి.

బియ్యం సంగతి వేరు. 2022 జులై 18 నుంచి ప్యాకెట్ చేసి, లేబుల్ వేసిన 25 కిలోల లోపు బియ్యం, గోధుమ పిండి, పప్పులపై 5 శాతం జీఎస్టీ పడింది. ఎదురుగా తూచి ఇచ్చే విడి సరుకుకు ఆ పన్ను లేదు. అందుకే మిల్లుల నుంచి 26 కిలోల మూటలు రావడం మొదలైంది. కిలో 60 రూపాయల బియ్యం పాతిక కిలోలు కొంటే 5 శాతమంటే 75 రూపాయలు. సోనా మసూరి కొనే ఇళ్లు మార్టు ప్యాకెట్‌ను బియ్యం మండీ మూటతో ఒకసారి పోల్చి చూడాలి.

సంగటి తినే ఇళ్లకు రాగులు మార్టులో కొనాల్సిన అవసరమే తక్కువ. చుట్టుపక్కల పండే పంట ఇది. సంతలో రాగులు కొని మిల్లులో ఆడించుకుంటే పిండి తాజాగా ఉంటుంది. ప్యాకెట్‌కు, ప్రయాణానికి, పేరుకు డబ్బు పెట్టక్కర్లేదు. కూరగాయలకు ఉళవర్ సందై ఉండనే ఉంది. మన రైతు బజార్లు మొదలైన 1999లోనే తమిళనాడులోనూ ఇవి మదురైలో మొదలయ్యాయి. గుర్తింపు కార్డున్న రైతే అమ్ముతాడు, దళారీ ఉండడు. టోకు ధరకు కాస్త పైన, చిల్లర ధరకు కింద ఉండేలా ఏ రోజుకారోజు ధర బోర్డు మీద రాస్తారు.

ఇక రేషన్. తమిళనాడులో బియ్యం కార్డు ఉన్న ఇంటికి బియ్యం ఉచితం. 2007లో మొదలైన ప్రత్యేక పథకం కింద కిలో కందిపప్పు 30 రూపాయలకు, లీటరు పామాయిల్ 25 రూపాయలకు ఇస్తూ వచ్చారు. ఈ ధరకు ఏ మార్టూ ఇవ్వలేదు. సరుకు ఆలస్యంగా వచ్చిన నెలలూ ఉన్నాయి, క్యూలో నిలబడాలి కూడా. అయినా ముందు రేషన్ సరుకు తెచ్చుకుని, తర్వాత మిగతా చీటీ రాసుకున్న ఇంటికే ఎక్కువ మిగులుతుంది.

గ్రాముల గారడీ

ఒకప్పుడు బిస్కెట్లు, టీ పొడి, నూనె వంటి సరుకులు ఎంత బరువు ప్యాకెట్లలో అమ్మాలో చట్టమే చెప్పేది. 2021లో చేసిన సవరణతో ఆ కట్టుబాటు పోయింది. దాంతో 910, 870, 850 గ్రాముల నూనె ప్యాకెట్లు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక నూనె ప్యాకెట్ 910 గ్రాములు, 140 రూపాయలు. ఇంకోటి 850 గ్రాములు, 134 రూపాయలు. చేయి రెండోదాని మీదికే పోతుంది. లెక్క కడితే మొదటిది కిలో సుమారు 154 రూపాయలు, రెండోది 158. ఆరు రూపాయలు తగ్గిందనుకున్నచోట కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టినట్టు. ఈ చిక్కు తీరడానికే ఆ సవరణలో గ్రాముకు లేదా కిలోకు ఎంతో ప్యాకెట్‌పై ముద్రించాలన్న నిబంధన కూడా పెట్టారు. ఎమ్మార్పీ పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. అయితే అది ఎమ్మార్పీపై కట్టిన లెక్క. తగ్గింపు తర్వాత ధరకు మనమే మళ్లీ కట్టుకోవాలి.

పెద్ద ప్యాకెట్టే చవక అన్నదీ అన్నిచోట్లా నిజం కాదు. షాంపూనే తీసుకోండి. చాలా కంపెనీల్లో రూపాయి, రెండు రూపాయల పొట్లాల్లో ఉండే షాంపూ, పెద్ద సీసాలో ఉన్నదానికంటే మిల్లీలీటరుకు చవగ్గా పడుతుంది.

ఒక ఇంటి లెక్క

నలుగురున్న ఇల్లు. బియ్యం, కూరగాయలు కాకుండా నెలకు 3,000 రూపాయల ఎమ్మార్పీ సరుకులు కొంటారనుకుందాం. మార్టులో సగటున 8 శాతం తగ్గితే బిల్లు 2,760. కిరాణా అంగడిలో 3 శాతం తగ్గితే 2,910. మార్టు బిల్లు మీద ఆదా 240 అని ఉంటుంది. అసలు తేడా 150.

కంపెనీ నుంచి ఇంటికి వచ్చే దారిలోనే మార్టు ఉండి, చీటీలో ఉన్నవే కొని వస్తే ఆ 150 నిలుస్తుంది. ఏడాదికి 1,800. చిన్న మొత్తమేమీ కాదు. అదే ఆటోలో రానూపోనూ 120 పెడితే మిగిలేది 30. పిల్లాడు పట్టుకున్న బొమ్మో, ఒకటి కొంటే ఒకటి ఉచితమంటూ తీసుకున్న నూడుల్స్ ప్యాకెట్టో బిల్లులో చేరితే ఎదురు ఖర్చే. ఉచితంగా వచ్చిన రెండోది ఇంట్లో ఉందని త్వరగా అయిపోవడం, లేదా గడువు దాటి పారేయడం చాలా ఇళ్లలో జరిగేదే. అంటే ఆదా మార్టులో లేదు, చీటీలో ఉంది.

సరిహద్దు దాటితే..

హోసూరు దాటి అత్తిబెలె చేరితే కర్ణాటక. ఒకప్పుడు రెండు రాష్ట్రాల్లో అమ్మకం పన్ను వేరుగా ఉండేది. ఏ సరుకు ఎటువైపు చవకో తెలిసినవాళ్లు అటు వెళ్లి తెచ్చుకునేవారు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక కిరాణా సరుకులపై పన్ను రెండు వైపులా ఒకటే. పెట్రోలు, డీజిల్, మద్యం వంటివి జీఎస్టీ బయట ఉండి రాష్ట్రానికో ధర పలుకుతున్నాయి. కాబట్టి సబ్బులు, నూనెల కోసం సరిహద్దు దాటి వెళ్లినా పన్నులో కలిసొచ్చేదేమీ లేదు. ఉన్నదల్లా అంగడికీ అంగడికీ మధ్య తేడానే.

ఈ లెక్క మన తెలుగువాళ్లున్న ఇతర సరిహద్దు ఊళ్లకూ వర్తిస్తుంది. యానాం నుంచి నెల సరుకులకు కాకినాడ వెళ్లే కుటుంబం రానూపోనూ ఖర్చును బిల్లులో కలిపి చూసుకోవాలి. వేరే పని మీద వెళ్లినప్పుడు కొనుక్కొస్తే లాభం, దానికోసమే వెళితే అనుమానం. బళ్లారి, రాయచూరు వైపు అన్నభాగ్య బియ్యం అందే ఇళ్లలో మార్టు బియ్యం ధరతో పోలికే అక్కర్లేదు.

అరువు పద్దు సంగతేంటి?

మార్టులో ధర తక్కువ. కానీ డబ్బు చేతిలో ఉండాలి. కంపెనీల్లో కాంట్రాక్టు కింద పనిచేసేవాళ్లకు, కూలికి వెళ్లేవాళ్లకు అన్ని నెలల్లో అది కుదరదు. వాళ్లకు అంగడి పద్దే ఆధారం. 'రాసుకో అన్నా, జీతం పడ్డాక ఇస్తా' అంటే రాసుకునేది కిరాణా అంగడే. 2020లో లాక్‌డౌన్ వేళ పని పోయిన ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది ఈ పద్దు వల్లే. ఆ అరువు ధర సరుకులో కొంత కలిసి ఉంటుందన్నది నిజమే. అయినా నూటికి మూడు, ఐదు వడ్డీ మీద చేబదులు తెచ్చి మార్టులో తగ్గింపు కోసం కొనడం కంటే అది నయం.

ఇక్కడే ఒక చిక్కుంది. చేతిలో డబ్బున్న నెల మార్టుకు, లేని నెల కిరాణాకు వెళితే అంగడివాడికి మిగిలేవి అరువు బేరాలే. టోకు వ్యాపారికి అతను నగదు కట్టాలి. నగదు బేరాలు తగ్గితే సరుకు తగ్గుతుంది, ధర పెరుగుతుంది, చివరికి పద్దే ఆగిపోతుంది. అప్పుడు నష్టపోయేది మార్టుకు వెళ్లే స్తోమత లేని ఇల్లు. పద్దు అవసరం ఉన్న ఇళ్లవాళ్లు నగదున్న నెలలోనూ సగం చీటీ ఆ అంగడిలోనే రాయించడం మంచిది. అది దయ కాదు, కష్టకాలానికి ముందుచూపు.

చీటీ రాసే ముందు..

• రేషన్ సరుకు వచ్చాకే మిగతా చీటీ రాయండి.
• నెలకు తప్పనిసరిగా వాడే పది సరుకుల ధరలు మార్టులో, మీ అంగడిలో ఒకసారి రాసుకుని పోల్చండి. మూడు నెలలకోసారి మళ్లీ చూడండి.
• ధర కంటే ముందు బరువు చూడండి. కిలోకు ఎంత పడుతుందో ఫోనులో లెక్క కట్టండి.
• 2025 సెప్టెంబరు 22 నుంచి స్నానపు సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనెపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గుదలను మార్టు ఇచ్చిన డిస్కౌంటుగా లెక్కేసుకోవద్దు.
• రానూపోనూ ఖర్చు బిల్లు వెనకాలే రాయండి.
• అరలోని ధర, బిల్లులోని ధర ఒకటేనా అని అక్కడే చూసుకోండి. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.